కిటికీ పురుగులకే

దగ్గరికి జరగండమ్మా, ఇంకాస్త దగ్గరికి. పుంగనూరులో లాల్ బీకి పట్టిన గతి వినండి. పరుపులు కుట్టే అలావుద్దీన్ భార్య ఆమె. మునిలక్ష్మమ్మ ఇంటి కింద, మెట్లు దిగిపోయే నేలగదిలో బాడుగకు ఉండేవాళ్ళు. గదికి కిటికీ లేదు. గోడలకు ఎప్పుడూ చెమ్మే. అయినా ఆ పొద్దు లాల్ బీ హుషారుగా ఉయ్యాల కొక్కేన్ని రుద్దుతూ ఉంది. కుప్పం నుంచి కూతురు జువేరియా పసిబిడ్డతో రాబోతోంది మరి.

అంతలో మునిసిపాలిటీ శానిటరీ ఇన్‌స్పెక్టరు మెట్లు దిగాడు. గోడ తడిమి, చెయ్యి ప్యాంటుకు తుడుచుకున్నాడు.

"గాలి రాని నేలగదిలో మనుషులు పండుకోకూడదమ్మా. పండుకుంటే తాళమేస్తా. అది రూలు."

మెట్ల మీద నిలబడిన మునిలక్ష్మమ్మకు బాడుగ పోతుందని గుండె జారింది, వెంటనే నోరూ జారింది. "మనుషులు యాడుండారు సార్? పట్టుపురుగులు సాకను పెట్టినాం. ఈమె కసువు ఊడ్సను వచ్చింది."

"మరి ఆ కొక్కెం యాల?"

"తట్టలు యాలాడేసేదానికి సార్" అంది లాల్ బీ.

ఇన్‌స్పెక్టరు ముఖం వెలిగింది. "మంచి పనమ్మా! మా షడ్డకుడు పట్టుపరిశ్రమ ఆఫీసులోనే ఉండాడు. పంపిస్తా, సూసిపోతాడు."

ఆయన వీధి మలుపు తిరగ్గానే లాల్ బీ నెత్తి కొట్టుకుంది. "పురుగుల్ని యాడ తెచ్చేదమ్మా?"

"కొక్కేనికి అంత తెలివిగా జవాబు చెప్పినావే, ఇదీ నువ్వే చెప్పు!"

అలావుద్దీన్ వెంకటగిరికోట పోయి పురుగులు తెచ్చాడు. చాపలు వరండాకు ఎక్కాయి, తట్టలు గదిలోకి దిగాయి. తిన్నకొద్దీ ఇంకా కావాలనే పురుగులకు మల్బరీ ఆకు తరిగి తరిగి లాల్ బీ చేతులు పచ్చబడ్డాయి. "కడుపున పుట్టినదాన్ని గూడా ఇట్ల మేపలేదు" అని ఏడ్చింది.

షడ్డకుడు వచ్చాడు. లోపలికి అడుగుపెట్టి ముక్కు మూసుకున్నాడు.

"అయ్యయ్యో, గాలి లేకుంటే రోగమొచ్చి సస్తాయి కదమ్మా! నోరులేని జీవాలు!"

ఆఫీసు ఖర్చుతోనే గోడ పైభాగంలో పెద్ద కిటికీ కొట్టించాడు. చెమ్మ రాకుండా గచ్చు చేయించి, సున్నం వేయించాడు. "మాదిరి పురుగుల గది" అని బోర్డు కూడా తగిలించాడు.

జువేరియా బిడ్డతో దిగిన పొద్దే ఇన్‌స్పెక్టరు మళ్ళీ వచ్చాడు. "ఆహా, ఏం గాలి! ఇప్పుడైతే మనుషులు గూడా బాగా పండుకోవచ్చు."

లాల్ బీ ఆగలేకపోయింది. "ముందు నుంచీ మేమే పండుకుంటాండాం సార్! అబద్ధం చెప్పినాం. మా గది మాకియ్యండి."

"ఇంగెట్లమ్మా, గోడకు బోర్డు ఎక్కిపాయె. పురుగుల్ని కదిపితే మా షడ్డకుడు ఒప్పుకుంటాడా?"

ఉయ్యాలను వరండా దూలానికి కట్టారు. రోడ్డు దుమ్ముకు బిడ్డ దగ్గుతూనే ఉంది. "గది ఇంత బాగుండాదే, మనం ఈడుండేది యాల?" అని జువేరియా అడిగింది. పురుగులకు మేత వేళైంది, లాల్ బీ ఆకు తట్ట ఎత్తుకుని మెట్లు దిగింది.

గుర్తు పెట్టుకోండమ్మా, మీ పిల్లలకూ చెప్పండి: వరండాలో మనుషులు పడుకోకూడదని మాత్రం ఏ రూలూ లేదట.