ఇంటికో ఇంజన్ ఉండి తీరాలి!

ప్రతి ఇంట్లోనూ స్వయంగా తయారు చేసుకున్న ఇంజన్ ఒకటి ఉండి తీరాలి. నవ్వకండి! ఫ్రిజ్ లేకపోయినా సంసారం నడుస్తుంది కానీ, ఇంజన్ లేని ఇల్లు ఇల్లే కాదని అనుభవం మీద చెబుతున్నాను.

మా వారు రిటైరైన మర్నాడే పెరటి షెడ్డులో ఒకటి మొదలుపెట్టారు. ఒకటే సిలిండరు, ఒకటే పిస్టను. ఒక్కగానొక్కటి కాబట్టి గారాబం ఎక్కువ.

ముందుగా, దీనివల్ల ఇల్లాలికి దొరికే విశ్రాంతి గురించి చెప్పాలి. నేను ఇంట్లో బట్టలు కుడతాను. అంటే, కుట్టేదాన్ని. "నీ మిషన్ కింద చక్రం ఓసారి ఇయ్యవూ? ఇంజన్‌కి ఫ్లైవీలుగా కొలిచినట్టు సరిపోతుంది. రెండ్రోజులే! మళ్ళీ పెట్టేస్తాను" అన్నారు మా వారు. అప్పటికి పక్కింటి నర్సమ్మ ఆసుపత్రి యూనిఫారం గుడ్డ కత్తిరించి ఉంది. తర్వాత వానలొచ్చాయి, పోయాయి. చలి వచ్చింది, పోయింది. గుడ్డ ఇంకా కత్తిరించే ఉంది. నా నడుంనొప్పి మాత్రం మాయం! ఏ డాక్టరు చేయగలడండీ ఈ వైద్యం?

పొదుపు సంగతి చూడండి. ఆయన కార్బురేటర్‌కి పోసే పెట్రోలుని నా టీ జల్లెడతోనే వడకట్టారు. అప్పట్నుంచీ మా ఇంటికొచ్చిన చుట్టమెవరూ రెండో కప్పు అడగలేదు.

ఇక విజ్ఞానం! ఇదివరకు భోజనాల దగ్గర పనికిమాలిన కబుర్లు చెప్పుకునేవాళ్ళం. ఇప్పుడు కంప్రెషన్ గురించి చర్చించుకుంటాం. ఆయన చర్చిస్తారు, నేను వడ్డిస్తాను. మొన్న కూరలో ఉప్పు వెయ్యడం మరిచిపోతే, పిస్టను రింగులు ఎందుకు లీకవుతాయో చెబుతూ గిన్నె ఖాళీ చేసేశారు. ఇంత మంచి మొగుడు ఎవరికి దొరుకుతాడు?

పైగా ఇంజన్ మనిషికి పాముచెవులిస్తుంది. మా వారు స్క్రూడ్రైవర్ మొన ఇంజన్‌కీ, పిడి తన చెవికీ ఆనించి, లోపల ఏ వాల్వు టిక్కుమంటోందో ఇట్టే చెప్పేస్తారు. అదే చెవి పక్కన నిలబడి "ఏమండీ, నా చక్రం..." అంటే మాత్రం వినబడదు. తప్పు ఆయనది కాదు. స్క్రూడ్రైవర్ లేకుండా మాట్లాడిన నాది.

చివరికి మొన్న ఒక మధ్యాహ్నం ఇంజన్ నడిచింది! కిటికీ అద్దాలు దడదడలాడాయి. ఇంటినిండా నీలిపొగ కమ్మేసింది. రాత్రి డ్యూటీ చేసి పగలు పడుకునే నర్సమ్మ, భుజం దగ్గర చిరిగిన పాత యూనిఫారంతోనే పరుగెత్తుకొచ్చింది.

"ఏమైందండీ? ఏం పేలింది?"

"పేలలేదమ్మా, నడిచింది!" అన్నారు మా వారు. ఆయన కళ్ళనిండా నీళ్ళు. నిజం చెప్పొద్దూ, నాకూ సంతోషం వేసింది. పెళ్ళినాడు కూడా ఆయన ముఖం అంతగా వెలగలేదు.

నర్సమ్మ కాసేపు దగ్గి, "ఇంతకీ ఇది దేనికి పనికొస్తుందండీ?" అంది.

ఆయన గుడ్డతో చేతులు తుడుచుకున్నారు. "దేనికేమిటమ్మా! దేన్నైనా తిప్పుతుంది. మాటవరసకి, ఓ కుట్టుమిషన్‌కి బెల్టు తగిలించామనుకో, కాలితో తొక్కే బాధే ఉండదు!"

నర్సమ్మ నా వంక చూసింది. నేను ఫ్లైవీలు వంక చూశాను. నాకు ఒళ్ళు మండిపోయింది.

మర్నాడు పొద్దున్నే ఆయన పెట్రోలు తేవడానికి వెళ్ళారు. నేను షెడ్డులోకి వెళ్ళి, ఆయన స్పానర్‌తోనే, ఆయన నేర్పిన పద్ధతిలోనే నట్టు విప్పాను. అన్నం పెడుతూ అన్నాళ్ళు విన్న పాఠాలు ఊరికే పోతాయా?

ఆయన తిరిగొచ్చేసరికి యూనిఫారానికి ఒక చెయ్యి కుట్టడం అయిపోయింది.

"ఫ్లైవీలేదీ?" అన్నారు గుమ్మంలోంచి.

మిషన్ చప్పుడులో నాకు వినబడలేదు. దగ్గరికొచ్చి మళ్ళీ అడిగారు. అప్పుడూ వినబడలేదు. క్యాను కింద పెట్టి, నా చెవి దగ్గరకు వంగి గట్టిగా అరిచారు.

రెండో చెయ్యి సూది కింద సర్దుకుంటూ, తల ఎత్తకుండానే జవాబు చెప్పాను.

"రెండ్రోజులేనండీ! మళ్ళీ పెట్టేస్తాను."