మంచం కింద నలభై మామిడికాయలు

గురువారం పొద్దున్న ఇన్షిరాహ్ పెట్టుకున్న పని ఒక్కటే: మంచం కింద మగ్గేసిన మామిడికాయలు తిరగేసి, మెత్తబడ్డవాటిని ఫ్రిజ్‌లోకి మార్చడం. తమ్ముడు ఇస్మాయిలియా ఊళ్ళోని తన తోట నుంచి పంపిన నలభై కాయలూ వార్తాపత్రికల్లో చుట్టి, చలికాలపు దుప్పట్ల మధ్య పెట్టి వారమైంది. దేవుడి పేరున్న కాగితం నేల మీద పెట్టకూడదు కనుక చావు కబుర్ల పేజీలు తీసేసి, ఫుట్‌బాల్ పేజీలే వాడింది.

లెక్కపెట్టింది. ముప్పై ఒకటి. మళ్ళీ లెక్కపెట్టింది. ముప్పై ఒకటే.

భర్త రిజ్క్‌కు చక్కెర జబ్బు. ఆయన కంట పడకూడదనే అక్కడ దాచింది. తొమ్మిది పళ్ళు! ఆసుపత్రి మంచం, సెలైన్ సీసా, తన ఒంటి మీద నల్లబట్టలు వరసగా కళ్ళకు కట్టాయి.

"వఫా నాన్నా! నిజం చెప్పు, ఎన్ని మింగావు?" అని కూతురి పేరుతో భర్తను పిలుస్తూ స్నానాలగది తలుపు బాదింది.

గడ్డం గీసుకుంటున్న రిజ్క్ మూతి నిండా సబ్బు నురగ. పలకలేదు.

"అయ్యో, పడిపోయాడు!" అని ఇన్షిరాహ్ మెట్ల మీదికి పరుగెత్తింది.

పైఅంతస్తు తహియ్యా అప్పుడే రొట్టెల కోసం బాల్కనీలోంచి తాడుకట్టిన బుట్ట దించుతోంది. "ఏమైంది, వఫా అమ్మా?"

"రిజ్క్! చక్కెర!"

తహియ్యా బుట్ట సగంలోనే వదిలేసి, కింద రొట్టెలవాడికి కేకేసింది. రొట్టెలవాడి దగ్గర ఆ కబురు స్పృహ తప్పడం అయింది. మూల మీది కాఫీ కొట్టు చేరేసరికి కాలు తీసేయడం అయింది.

రిజ్క్ తువ్వాలుతో బయటికొచ్చేసరికి హాల్లో పదకొండు మంది. జబ్బుమనిషిని చూడ్డానికి ఎవరూ వట్టి చేతులతో రారు, ఇది మామిడికాలం. అందరి చేతుల్లోనూ మామిడిపళ్ళ సంచులే. అన్నీ తెచ్చి ఆయన కుర్చీ చుట్టూ పేర్చారు.

"హాజీ, నీ కాలు?" అంది తహియ్యా కళ్ళొత్తుకుంటూ.

"ఏ కాలు?"

"తీసేశారటగా!"

"మరి నిలబడ్డది ఎవరి కాలి మీద, నీ కాలి మీదా?"

"వేళాకోళం తర్వాత. ముందు వేలు చూపించు," అంది ఇన్షిరాహ్ ఏడుస్తూ. వీధిచివరి మందుల షాపు మగ్దీ పరికరంతో వచ్చేశాడు. రిజ్క్‌ను కుర్చీలో కూర్చోబెట్టి వేలికి సూది గుచ్చాడు.

"నూట పద్దెనిమిది. గుర్రంలా ఉన్నాడు."

"మరి నా తొమ్మిది పళ్ళు?"

"మీరేమైనా తిన్నారా, అమ్మా?" అన్నాడు మగ్దీ.

"నేనా! దేవుడి సాక్షి, ఒక్కటీ తినలేదు. పొద్దున్నే ఒకటి కోసి రుచి చూస్తాను, అంతే. కొయ్యకపోతే పండిందో లేదో ఎలా తెలుస్తుంది? అనుమానం తీరకపోతే రెండోది. కోసినదాన్ని పారేస్తే పాపం కాదూ?"

మగ్దీ ఆమె వేలు పట్టుకుని సూది గుచ్చాడు. పరికరం చూశాడు. తుడిచి, ఇంకో వేలికి గుచ్చి చూశాడు. "మూడువందల పన్నెండు."

రిజ్క్ లేచి తన కుర్చీ ఆమెకిచ్చాడు. "కూర్చో, ఇన్షిరాహ్. భయపడకు, నాకు పదేళ్ళ అనుభవం ఉంది."

వచ్చినవాళ్ళు ఓదార్పు మళ్ళీ మొదటినుంచి మొదలుపెట్టి, సంచులన్నీ ఆమె ఒళ్ళోకి మార్చారు.