నిటారుగా లేచిన పచ్చయమ్మ గీత

గుడియాత్తంలోని ఒక తాపీపని శిక్షణ కేంద్రంలో పచ్చయమ్మ గోడ కట్టడం నాలుగు రోజుల్లోనే నేర్చుకున్నందుకు అధికారులు తీవ్ర విచారం వ్యక్తం చేశారు. ఆమె ఇరవై ఏళ్లుగా మేస్త్రీలకు ఇసుక మోస్తున్న మనిషి. కేంద్రం వారి మేస్త్రీ కార్డు చేతికొస్తే మోత మాని తాపీ పట్టొచ్చని ఆశ.

ఈ కేంద్రంలో అంతా శాస్త్రీయం. ఒక్కొక్కరు నేర్చుకునే తీరును గీతగా గీస్తారు. అడుగున రోజులు, పక్కన పనితనం. పచ్చయమ్మ గీత నాలుగో రోజుకే నిటారుగా లేచి కాగితం పైఅంచును తాకింది. ఆమెతోపాటే చేరిన కుప్పుసామి గీత మూడు నెలలైనా నేల విడవలేదు. అతను కట్టిన గోడ దగ్గర 'ఆనుకోవద్దు' అని బోర్డు పెట్టారు.

తనిఖీకి వేలూరు నుంచి రామానుజంగారు వచ్చారు. ఆయన ఆఫీసు లిఫ్టు లేని మూడో అంతస్తులో ఉంది కాబట్టి నిటారు అంటే ఏమిటో ఆయన మోకాళ్లకు బాగా తెలుసు. రెండు గీతలూ చూసి చలించిపోయారు.

"పాపం, ఈయమ్మకి చదువు నిట్టనిలువు కొండ మాదిరి ఉండాది. కుప్పుసామిది చూడండప్పా, హైవే మింద పళ్ళికొండకి పోయినట్టు సాఫీగా ఉండాది" అని ఉపన్యసించి, అతనికి కార్డూ శాలువా బహూకరించారు.

పచ్చయమ్మ ఊరుకోలేదు. "నిచ్చెన నిలబెడితేనే గదా సామీ బిరీన మిద్దె ఎక్కేది. పండబెట్టిన నిచ్చెన మింద ఎంత దూరం నడిస్తే మిద్దె వస్తాది?"

ఈ ప్రశ్న తమ పరిధిలోకి రాదని నమోదు చేసుకుని, ఆమెను మళ్లీ మూడు నెలలు చేర్చుకున్నారు.

ఈసారి పచ్చయమ్మ బుద్ధిగా నడుచుకుంది. ఇవాళ పెట్టిన ఇటుకను రేపు తీసింది. తాపీ ఎటువైపు పట్టుకోవాలని రోజూ పొద్దున్నే అడిగింది. గీత హాయిగా పడుకుంది. రామానుజంగారు పొంగిపోయి, ఆదర్శ విద్యార్థిని అని రాసి మరీ కార్డు ఇచ్చారు.

ఆ వారమే మా ఇంటి ప్రహరీ పనికి ఇద్దరు మేస్త్రీలూ వచ్చారు. పచ్చయమ్మ రెండు రోజులంది. కుప్పుసామి రెండు నెలలన్నాడు. రెండు రోజుల్లో లేచే గోడను మీరు మాత్రం నమ్ముతారా? పని కుప్పుసామికే ఇచ్చాను. పచ్చయమ్మకూ అన్యాయం చేయలేదు, అతనికి ఇసుక మోసే పని ఇప్పించాను.

మా వీధికి వస్తే దయచేసి గోడకు ఆనుకోవద్దు.