జరకూ జోరుకూ తేడా తెలియని పంక

స్విచ్ కనిపెట్టినవాడు మనుషులను పాడుచేశాడు. నొక్కితే తిరిగింది, మళ్లీ నొక్కితే ఆగింది. మధ్యలో బతిమాలుకునే పనే లేదు! ఇన్నేళ్లుగా ఒక వస్తువును ఆపడానికి దాని అనుమతి అడగలేదంటే మనం ఎంత మర్యాద లేనివాళ్లమో ఆలోచించండి.

ఆ తప్పు దిద్దడానికే ఇప్పుడు కంపెనీలు నడుం కట్టాయి. మా ఇంటికి ఒక స్మార్ట్ ఫ్యాన్ వచ్చింది. మా సుల్తానాబాద్ వైపు ఫ్యాన్‌ను పంక అంటాం. ఈ పంకకు రెగ్యులేటర్ లేదు, బటన్ లేదు. పేరు పెట్టి పిలిచి, కావలసింది విన్నవించుకోవాలి. పేరు మలయ. డబ్బా మీద "మీ భాషలో మీ నేస్తం" అని రాసి ఉంది.

తయారీలో ఎంత మార్పు వచ్చిందో చూశారా? వెనకటి ఫ్యాక్టరీలు అమాయకమైనవి. వస్తువును చివరిదాకా తయారుచేసి, అప్పుడు అమ్మేవి. ఇప్పుడు ముందు అమ్ముతారు. మనం నిచ్చెన వేసి బిగించుకున్నాక, తీరిక చూసుకుని తయారుచేస్తారు. దాన్నే అప్‌డేట్ అంటారు. ఇక రెగ్యులేటర్ చెయ్యడం శుద్ధ దండగ. మనిషికి ఎలాగూ నోరుంది కదా, అదే స్విచ్! ఫ్యాక్టరీకి ప్లాస్టిక్ మిగిలింది, తీగ మిగిలింది. మన నోరు మాత్రం ఖర్చయింది.

ఇచ్చోడలో మా మేనత్త వాషింగ్ మెషీన్ బట్టలు ఉతకడం అయిపోగానే ఫోన్‌కు మెసేజ్ పంపుతుంది. అత్త దాని పక్కనే నిలబడి ఉంటుంది. అయినా మెసేజ్ వచ్చేదాకా బట్టలు ఉతికినట్టు నమ్మదు. శ్రీరాంపూర్‌లో మా చిన్నమ్మ వాళ్ల బల్బు పాస్‌వర్డ్ అడుగుతుంది. పాస్‌వర్డ్ రాసిన కాగితం వెతకాలంటే బల్బు వెలగాలి. రేపు చీపురు కూడా నెట్ లేనిదే ఊడవదు. అప్పుడు మన వాకిళ్లు అంతర్జాతీయ స్థాయిలో మురికిగా ఉంటాయి!

అయితే ఈ మేలు అందరికంటే ఎక్కువగా అందుకున్నది మా బాపమ్మ సత్తవ్వ. ఆమెకు ఆయాసం. గాలి లేకపోతే ఊపిరాడదు, గాలి ఎక్కువైతే దగ్గు ఆగదు. పాత పంక రెగ్యులేటర్ ఒకటి మీద పెడితేనే ఆమె కళ్లు మూతపడేవి. ఆ పంక కాలిపోయింది. ఆమె కొడుకు, రైస్‌మిల్లులో పనిచేసే మా బాపు సాల్మన్ ముచ్చటపడి మలయను తెచ్చాడు.

"గిప్పుడు లేసే పనే లేదవ్వా. పన్న కాడికెల్లే జెప్పు, ఇంటది" అన్నాడు.

ఒక మధ్యాహ్నం వాన పడి గది చల్లబడింది. బాపు మిల్లులో ఉన్నాడు. నేను బడి నుంచి వచ్చి దండెం మీది బట్టలు తీస్తున్నాను. బాపమ్మ దుప్పటి కప్పుకుని పైకి చూసింది.

"ఓ మలయా, జర తగ్గియ్యి బిడ్డా."

"సరే, జోరు పెంచుతున్నాను" అంది పంక.

గోడ మీద క్యాలెండర్ లేచి కొట్టుకుంది. బాపమ్మకు దగ్గు తెర వచ్చింది. "మలయా... జర..." అంది మళ్లీ. "ఇప్పటికే గరిష్ఠ వేగంలో ఉన్నాను" అని పంక గర్వంగా చెప్పింది.

జర అంటే కొంచెం. కానీ వట్టి కొంచెం కాదు. ఎదుటివాళ్లను కష్టపెడుతున్నామేమో అని మొహమాటపడేవాళ్లు ముందుగా పెట్టుకునే మాట. జర జరుగు, జర చూడు, జర నీళ్లియ్యి. మా ఇళ్లలో దయచేసి అని ఎవరూ అనరు, జర అంటారు. పంకలో పోసిన తెలుగులో ఆ మాట లేదు. దగ్గరలో జోరు కనిపించింది, దాన్నే తీసుకుంది. వెనక వచ్చిన తగ్గియ్యి దాకా వినలేదు. తప్పెవరిది? బాపమ్మదే! పుట్టే ముందే కంపెనీవాళ్లను అడిగి మాటలు నేర్చుకోవలసింది.

గోడకు స్విచ్ ఉంటుంది కదా అంటారా? ఉంది. అది ఆపితే పంక తన జ్ఞాపకశక్తిని పోగొట్టుకుంటుంది. సాయంత్రం బాపు ఫోన్‌తో వచ్చి అన్నీ మళ్లీ నేర్పాలి. అంతవరకు గాలి ఉండదు. అంటే బాపమ్మ దగ్గవచ్చు, లేదా ఉక్కిరిబిక్కిరి కావచ్చు. ఏది కావాలో ఎంచుకునే స్వేచ్ఛ కస్టమర్‌దే!

రెగ్యులేటర్ బిగించమని, పాత పంకకు వైండింగ్ చేసే రామచంద్రాన్ని బాపు పిలుచుకొచ్చాడు. ఆయన నిచ్చెన ఎక్కి పంక చుట్టూ తడిమాడు.

"సాల్మన్నా, దీనికి స్క్రూలేవి?"

"నన్నడుగుతవేంది, నేనేమన్న దాసుకున్ననా?"

"గుండుకు జడెయ్యమన్నట్టున్నది నీ పని. అంత అతికిచ్చి పారేసిండ్రు. ఇప్పుదామంటే పలుగుతది."

"మరెట్లనే?"

"ఎట్లేంది, మంచిగ మాట్లాడుకోండ్రి దానితోని" అని దిగిపోయాడు.

ఆదివారం మా ఇంట్లో ప్రార్థన కూడిక పెట్టాం. అప్పటికే పంక మంచి జోరు మీద ఉంది. పాటల పుస్తకాల కాగితాలు వాటంతటవే తిరుగుతున్నాయి. బాపమ్మ మా పాస్టర్ అహరోను అయ్యగారి దిక్కు చూసి, "అయ్యగారూ, మా మాట ఇంటలేదు, మీరన్న జెప్పుండ్రి" అంది.

అయ్యగారు లేచి గొంతు సవరించుకున్నారు. ఆదివారపు గొంతుతో, "మలయా! నీ వేగమును తగ్గించుము" అన్నారు.

"అలాగే" అంది పంక. ఒకటికి వచ్చింది. కాగితాలు ఎక్కడివక్కడ పడుకున్నాయి. వెనక నుంచి ఎవరో స్తోత్రం అన్నారు.

అదీ సంగతి! పంకకు తెలుగు రాక కాదు. మనం అన్నం తినేటప్పుడు మాట్లాడే తెలుగు రాదు, అంతే. ఆ రోజు నుంచి బాపమ్మ పంకతో చేతులు జోడించినంత పని చేసి మాట్లాడసాగింది. కాని ఆయాసం ఉన్న మనిషికి అంత పొడుగు వాక్యం ఒక్క ఊపిరిలో రాదు. "మలయా, నీ వేగమును" దాకా వచ్చి దగ్గేది. పంక ఓపికగా, "దయచేసి వాక్యం పూర్తి చెయ్యండి" అనేది.

పొట్టిగా "మలయా, తగ్గించు" అంటే చాలు బాపమ్మా అని నేర్పాను. మూడుసార్లు బాగానే అంది. నాలుగోసారి, ఎంతైనా అడుగుతున్నది తనే కదా అని మొహమాటపడి, ముందు జర చేర్చింది. క్యాలెండర్ మళ్లీ లేచింది.

"దేవునికైతే జర సూడు తండ్రీ అంటె సమజైతది. గీ పంకకే పుస్తకం ముచ్చట గావాలె" అంది మూతి తిప్పి.

కంపెనీ వాళ్లు ఊరుకుంటారా? ఇంకా తయారు చేశారు. కొత్త అప్‌డేట్ వచ్చాక పేరు పెట్టి పిలిచే పని కూడా తప్పింది. పంక ఎప్పుడూ వింటూనే ఉంటుంది. అర్థం చేసుకోకపోయినా ఎంత శ్రద్ధగా వింటుందో! ఆ గదిలో ఎవరు జర అన్నా లేచి కూర్చుంటుంది. బాపు ఇంట్లో చాటింపు వేశాడు: ఆ గదిలో ఎవరూ ఆ మాట అనొద్దు. చుట్టాలు వస్తే చెప్పుల దగ్గరే చెప్పేస్తున్నాం.

జర లేకుండా అడగడం బాపమ్మకు చేతకాలేదు. అది లేకపోతే తిట్టినట్టుంటుందట. అందుకని అడగడమే మానేసింది. నీళ్లు కావాలంటే చెంబు వైపు వేలు చూపిస్తుంది. దుప్పటి కావాలంటే కాళ్లు ముడుచుకుంటుంది. పొద్దుగూకులు అందరినీ పలకరించే మనిషి ఇప్పుడు పైకి చూస్తూ పడుకుంటుంది.

మొన్న బాపు ఫోన్‌కు కంపెనీ మెసేజ్ వచ్చింది. "శుభవార్త! మీ ఇంట్లో తప్పు కమాండ్లు పూర్తిగా తగ్గిపోయాయి. మలయ మిమ్మల్ని అర్థం చేసుకోవడం నేర్చుకుంది." చూశారా, నేర్చుకున్నది పంకేనట! తయారీ మాత్రం నిజంగానే పూర్తయింది. తయారైంది ఎవరన్నదే వాళ్లు రాయలేదు.

నిన్న మందు బిళ్ల వెయ్యడానికి బాపమ్మ మంచం దగ్గరికి వెళ్లాను. చేతిలో నీళ్లు, ఆలోచన ఎక్కడో. "బాపమ్మా, జర లే" అనేశాను.

పంక గిర్రున అందుకుంది. బాపమ్మ ఉలిక్కిపడి లేచి, దగ్గుకుంటూనే చెయ్యి చాపి నా నోరు మూసింది.

పనికొచ్చే స్విచ్ లేదు లేదని కంపెనీని ఇంతసేపు ఆడిపోసుకున్నాను. ఉంది. ఎక్కడుందో మా బాపమ్మకు తెలిసిపోయింది.