కూర్మనాథం అంటించిన నోటీసు

ఆ ఉదయం కూర్మనాథానికి పని ఒక్కటే. పొట్టు తీసే గౌతమికి తొలి కాన్పు సెలవు ఎంతివ్వాలో తేల్చి, గోడకి నోటీసు అంటించాలి. కాశీబుగ్గలోని ఆ జీడిపప్పు కార్ఖానాకి ఆయనే గుమాస్తా. ఇన్నాళ్లూ ఎవరికైనా నెల్లాళ్లే, అదీ జీతం లేకుండా. ఈసారి చట్టప్రకారం వెళదామని ఫోనులో అందరూ వాడే ఏఐని అడిగాడు. ఏ దేశమో చెప్పాలని ఆయనకు తోచలేదు. అడగాలని దానికీ తోచలేదు.

"తల్లికీ తండ్రికీ చెరో మూడు నెలలు, జీతంతో" అని అది తడుముకోకుండా చెప్పేసింది. చట్టానికి యజమాని అనుమతెందుకని కూర్మనాథం అదే అంటించేశాడు.

ముందుగా బాయిలర్ దగ్గరి త్రినాథ్ వచ్చాడు. "మా ఇంటిది టెక్కలిలో పుట్టింట్లో ఉంది పంతులుగారూ. నెలలు నిండిపోనాయి. నానెల్లిపోతన్నాను!" అని బండెక్కేశాడు.

వెనకే పాపారావు. "మా గోవింద్ పుట్టినప్పుడు ఒక్కరోజూ ఇవ్వనేదు. ఇప్పుడిచ్చీండి."

"వాడికి పెళ్లీడొచ్చింది కదయ్యా!"

"అందుకేనండి. ఆడి పెళ్లికి వాడుకుంతాను."

కుర్ర కూలీ దిలీప్‌కి ఇంకా సంబంధమే కుదరలేదు. అయినా ముందుగా పేరు రాసి ఉంచమన్నాడు. ఈ గొడవలో బాయిలర్ చల్లారింది. గింజ ఉడకలేదు. ఆడవాళ్లు పని లేక చేతులు కడుక్కుని కూర్చున్నారు.

యజమాని నారాయణరావు కారు దిగుతూనే అరిచాడు. "ఏటండీ పంతులుగారూ ఇది! మగాళ్లందరూ బాలింతలైపోనారా?"

కూర్మనాథానికి ఉద్యోగం మీద ఆశ పోయింది. ఈ వయసులో ఇంకో కొలువు ఎవరిస్తారు?

నారాయణరావు విశాఖలో లాయరుగా ఉన్న కూతురు సుస్మితకి ఫోన్ చేశాడు. వాళ్ల ఆఫీసులో కార్మిక చట్టాల కోసమే చేసిన ఏఐ ఉంది. ఆమె దాన్ని అడిగి, చట్టంతో సరిచూసి జవాబు పంపింది. నారాయణరావు అందరినీ వాకిట్లో నిలబెట్టి గొంతెత్తాడు.

"వినండి! నోటీసులో రాసింది ఏదో పరాయి దేశం చట్టమంట! ఇక్కడ ప్రైవేటు కార్ఖానాల్లో తండ్రికి సెలవివ్వాలని చట్టంలో లేదు!"

మగాళ్ల మొహాలు వాడిపోయాయి. ఆ ఊపులో ఆయన ఆగకుండా చదివేశాడు. "తొలి కాన్పుకి తల్లికి ఇరవై ఆరు వారాలు, జీతంతో. యాభై మంది, ఆపైన ఉంటే పిల్లల్ని చూసుకోడానికి గది కూడా..." గొంతు సన్నబడిపోయింది.

గౌతమి ముందుకొచ్చింది. "బాబూ, ఆ ముక్క మళ్లా సదవండి."

తప్పలేదు. మళ్లీ చదివాడు. చదివాక గౌతమి సెలవు కాగితం మీద సంతకమూ పెట్టాడు.

సాయంత్రం గౌతమి కూర్మనాథానికి చేతులు జోడించింది. "మీ పున్నెం పంతులుగారూ. బిడ్డని ఒళ్లో ఎట్టుకుని పెంచుకుంతాను."

"నేను అంటించింది తప్పమ్మా."

"మీరది అంటించకపోతే బాబుగారు ఇది సదివేవారేటి?"

కూర్మనాథం కళ్లు తుడుచుకున్నాడు. ఉద్యోగమూ పోలేదు.

మర్నాటి నుంచి కార్ఖానాలో కొత్త కట్టుబాటు: చట్టం ఎవరైనా చదవొచ్చు గానీ, పైకి చదవకూడదు.