మేనేజర్ పోయారు

ఆ రోజుకి ప్రూఫ్ రీడర్ వేసుకున్న ప్రణాళిక చాలా చిన్నది. సాయంత్రం పని ముగిశాక ఆస్పత్రికి వెళ్ళాలి. పిత్తాశయంలో రాళ్ళు తీయించుకుని పడుకున్న తమ ప్రెస్సు మేనేజర్ మంచం పక్కన నిలబడాలి. "తప్పైపోయిందండీ" అని ఒక్క మాట అనాలి. వచ్చేయాలి.

మాట చిన్నదే గాని నాలుగు రోజులుగా గొంతు దాటడం లేదు. శుక్రవారం నాడు బడిపిల్లల వ్యాకరణ పుస్తకం అట్ట మీద 'వ్యకరణం' అని అచ్చయి వచ్చింది. దీర్ఘం ఎగిరిపోయింది. "గోల్స్ లెక్కపెట్టుకునేవాళ్ళకి దీర్ఘాలు కనిపిస్తాయా" అన్నారు మేనేజర్, నలుగురి ముందూ. తప్పు మెషిన్ దగ్గర జరిగిందని ప్రూఫ్ రీడర్ వాదించాడు. వాదనలో బలం లేదని తెలిసేకొద్దీ గొంతు పెరిగింది. చివరికి, "మీరు పోతేగాని ఈ ప్రెస్సు బాగుపడదు" అనేశాడు. మేనేజర్ గొడుగు తీసుకుని బయటికి నడిచారు. ఆయన వెళ్ళింది ఆపరేషన్ చేయించుకోవడానికని శనివారం గాని ఎవరికీ తెలియలేదు.

"అద్దం ముందు నిలబడి రెండుసార్లు అనుకోండి. అలవాటవుతుంది" అంది భార్య, చొక్కా ఇస్తూ.

"ఒక్క మాటకి అలవాటెందుకు?"

"మీ సంగతి నాకు తెలుసు. తప్పైపోయింది అని మొదలుపెడతారు, అయితే ఆ తప్పు ఎవరిదంటే అని ముగిస్తారు."

అతను నిజంగానే అద్దం ముందు నిలబడ్డాడు. మొదటిసారి అనేలోపే రేడియోలో ఉదయం ఆరు గంటల వార్తలు మొదలయ్యాయి. ఆటల కబుర్లలో మొదటి వార్త, ఎర్రచొక్కాల ఫుట్‌బాల్ క్లబ్బు మేనేజర్ పదవి వదిలి వెళ్ళిపోయాడని. ప్రూఫ్ రీడర్ అద్దాన్ని వదిలేసి రేడియో దగ్గరికి పరుగెత్తాడు.

అతను పుట్టి బుద్ధెరిగిన దగ్గర్నుంచీ ఎర్రచొక్కాల మనిషి. ఈ మేనేజర్ చేతిలో పడ్డాక మూడేళ్ళలో జట్టు ఓడిపోవడానికి కొత్త కొత్త మార్గాలు కనిపెట్టింది. 'వీడెప్పుడు పోతాడో' అన్నది ఆ ఇంట్లో పలకరింపు లాంటి మాట అయిపోయింది. భార్య తమ్ముడు మాత్రం నీలంచొక్కాల మనిషి. బావ పనిచేసే ప్రెస్సులోనే మెషిన్‌మాన్. ప్రతి ఆదివారం భోజనాల దగ్గర చెయ్యి కడుక్కుంటూ, "ఆయన నూరేళ్ళు మీ జట్టులోనే ఉండాలి బావా" అని దీవించి మరీ వెళ్ళేవాడు. అటువంటి వాడికి ఈ వార్త మొట్టమొదట తన చేతుల మీదుగా అందాలని ప్రూఫ్ రీడర్ ఆశ.

ప్రెస్సులో ప్రూఫుల గది పైన, కంపోజింగ్ గది కింద. మెషిన్ హాలు దానికి ఆనుకుని ఉంటుంది. మెషిన్ల దగ్గరికి ఫోన్లు తీసుకెళ్ళకూడదు. అందుకని ఏ కబురైనా చీటీ మీద రాసి, పైనుంచి తాడు కట్టిన బుట్టలో దింపుతారు. బుట్ట దిగేది కంపోజింగ్ గదిలోకి. చీటీ మీద పేరుంటే ఆ మనిషికి వెళుతుంది. పేరు లేకపోతే అది కంపోజ్ చేయాల్సిన మ్యాటరని లెక్క. ఈ పద్ధతి మేనేజర్ పెట్టిందే. ముప్పై ఏళ్ళలో ఒక్కసారీ దెబ్బతినలేదు.

ప్రెస్సుకి చేరగానే ప్రూఫ్ రీడర్ ఆ ఉత్సాహంలో చీటీ మీద ఇలా రాశాడు: "మేనేజర్ పోయాడు. పొద్దున ఆరింటికి తెలిసింది. మీవాళ్ళందరికీ నా సానుభూతి." బుట్టలో వేసి దింపాడు. ఎవరికన్నది రాయలేదు.

కింద బుట్ట అందుకున్నావిడ ఇరవై ఏళ్ళుగా అక్షరాలు కొడుతోంది. అందరూ ఆమెను అక్షరాలక్క అంటారు. ఆమెకు ఫుట్‌బాల్ అంటే గుండ్రంగా ఉంటుందని మాత్రం తెలుసు. "భావం మీరు చూసుకోండి, అక్షరం నేను చూసుకుంటాను" అంటుంది. చీటీ చదివి కుర్చీలో కూలబడింది. ఎవరు, ఎప్పుడు, సానుభూతి. ఇంక అడగడానికేముంది. నల్లంచు కార్డులు ఆమె వందల్లో కొట్టింది. ఆమెను బాధపెట్టింది 'పోయాడు' అన్న మాట. ఎంత పోట్లాడుకుంటే మాత్రం, చనిపోయిన పెద్దమనిషిని 'డు' అని రాస్తారా అనుకుంది. మూలం ప్రూఫుకి గుచ్చి పంపాలన్నది నియమం. ఇది నలుగురి కంటా పడితే, తను అన్నయ్యగారని పిలిచే ప్రూఫ్ రీడర్ పరువు పోతుందని, చీటీని తన సొరుగులో దాచేసింది. కళ్ళు తుడుచుకుంటూ మర్యాదగా కార్డు కొట్టి పైకి పంపింది.

బుట్టలోంచి ప్రూఫు తీసుకున్న ప్రూఫ్ రీడర్‌కి ముందు నల్లంచు కనిపించింది. తరవాత 'శ్రద్దాంజలి' అన్న మాట కనిపించింది. చెయ్యి దానంతట అదే 'ద్ద'కి సున్నా చుట్టి 'ద్ధ' అని రాసింది. అప్పుడుగాని కింది వాక్యాలు చదవలేదు.

"మా మేనేజర్ గారు ఈ ఉదయం ఆరు గంటలకు కన్నుమూశారని తెలియజేయుటకు చింతిస్తున్నాము. వారి కుటుంబానికి మా ప్రగాడ సానుభూతి."

ఆరు గంటలకు. ఆరు గంటలకు తను రేడియో ముందు నిలబడి చప్పట్లు కొడుతున్నాడు.

 అద్దం ముందు అనలేకపోయిన మాట నోట్లోకి వచ్చి ఆగింది. ఇప్పుడది వినేవాళ్ళు లేరు. కళ్ళజోడు తీసి తుడుచుకుని ఆ రెండు వాక్యాలూ మళ్ళీ చూశాడు. అంతా మసకగా ఉంది. కింద సంతకం చేసి పంపాడు.

ఆ సంతకంతో కబురు ఖాయమైపోయింది. అప్పటిదాకా బైండింగ్ గదిలో, "శనివారం డాక్టరు చిన్న ఆపరేషనే అన్నాడు కదా" అని గొణుగుతున్నవాళ్ళు కూడా సంతకం చూసి నోరు మూసుకున్నారు. అతను సంతకం పెట్టాడంటే చూసి పెట్టినట్టే కదా అని అక్షరాలక్క నమ్మింది. అచ్చులో చూశాను కాబట్టి నిజమేనని అతను నమ్మాడు. బైండింగ్ పెద్దాయన మేనేజర్ ఇంటికి ఫోన్ చేశాడు. ఎవరూ తీయలేదు. "అందరూ అక్కడే ఉండి ఉంటారు" అన్నాడు మెల్లగా. ఇంకెవరూ ఫోన్ చేయలేదు. రెండు వందల కార్డులు మెషిన్ ఎక్కాయి.

ప్రూఫ్ రీడర్ మెట్లు దిగి మెషిన్ హాలుకి వెళ్ళాడు. బావమరిది కాగితం రీము మీద తల వాల్చుకుని కూర్చున్నాడు. అతని ముఖం పొద్దుటి నుంచీ అలాగే ఉంది. కార్డులు వేస్తున్నది పక్క మెషిన్ మీద. అటువైపు అతనింకా తల తిప్పలేదు.

"నీకూ తెలిసిందా?" అన్నాడు ప్రూఫ్ రీడర్.

"రేడియోలో చెప్పారు బావా. ఆరింటికి."

"రేడియోలోనా?" అన్నాడు ప్రూఫ్ రీడర్. "మనం ఆయన్ని తక్కువ అంచనా వేశాం."

"మీరు వేశారు. మేం వేయలేదు. మూడేళ్ళు మాకెంత చేశాడు. అలాంటి మనిషి మళ్ళీ దొరకడు."

"ఎవరెన్ని అన్నా ఎదురు చెప్పలేదు పాపం."

"అన్నదాంట్లో నీ వాటా తక్కువా బావా? ఎప్పుడు పోతాడా ఎప్పుడు పోతాడా అని నువ్వేగా కూర్చున్నావు."

ప్రూఫ్ రీడర్ తల దించుకున్నాడు. "నువ్వు విన్నావా?"

"నేనేంటి, వీధంతా విన్నది. అరిచి మరీ అన్నావుగా."

"ఏదో కోపంలో అన్నాను."

"ఇప్పుడు నీకు హాయిగా ఉండాలే."

"లేదురా" అన్నాడు ప్రూఫ్ రీడర్.  "అస్సలు లేదు."

బావమరిది తలెత్తి చూశాడు. బావ కళ్ళల్లో నీళ్ళున్నాయి. నీలంచొక్కాల కష్టానికి ఎర్రచొక్కాల మనిషి ఏడవడం అతను కలలో కూడా ఊహించలేదు. లేచి బావను గట్టిగా పట్టుకున్నాడు. "ఊరుకో బావా. కొత్తవాడు ఇంకా అన్యాయంగా ఉండొచ్చు" అని ఓదార్చాడు.

పదకొండింటికి మెషిన్లు ఆపేశారు. అందరూ మేనేజర్ గదిలో పోగయ్యారు. గుర్తింపు కార్డులోని ఫొటో పెద్దది చేసి ఆయన కుర్చీలో నిలబెట్టారు. పెద్దది చేయడంలో చెవులు రెండూ అంచుల బయటికి పోయాయి. అక్షరాలక్క కార్డులు పంచింది. రెండు నిమిషాలు మౌనం పాటించాక బైండింగ్ పెద్దాయన, "మాటలు తెలిసినవాడివి నువ్వే, చెప్పు" అని ప్రూఫ్ రీడర్‌ని ముందుకి తోశాడు.

ప్రూఫ్ రీడర్ ఫొటో వైపు తిరిగి నిలబడ్డాడు. వెనకున్నవాళ్ళను చూస్తూ మాట్లాడటం అతని వల్ల కాలేదు.

"నాకు ఎక్కువ చెప్పడం రాదు. శుక్రవారం నేనాయన్ని ఒక మాట అన్నాను. మీరంతా విన్నారు. నాలుగు రోజులు టైముంది. ఆస్పత్రి ఇక్కడికి రెండు వీధులు. వెళ్ళలేదు. ఇవాళ సాయంత్రం వెళదామనుకున్నాను." అతను కళ్ళజోడు సర్దుకున్నాడు. "వ్యాకరణంలో దీర్ఘం మెషిన్ దగ్గర పోలేదు. ప్రూఫులోనే లేదు. నేను చూడలేదు. తప్పు నాదే. తప్పైపోయిందండీ."



"ఆ ముక్క శుక్రవారమే అనుంటే సరిపోయేది కదయ్యా" అంది వెనకనుంచి ఒక గొంతు.

అందరూ తిరిగారు. గుమ్మంలో మేనేజర్ నిలబడి ఉన్నారు. ఒక చేత్తో గొడుగు, ఒక చేత్తో పొట్ట పట్టుకుని, కొంచెం ముందుకి వంగి. అక్షరాలక్క చేతిలోని కార్డులు కింద పడ్డాయి. బైండింగ్ పెద్దాయన మెల్లగా ఫొటోని బోర్లా పెట్టాడు.

ప్రూఫ్ రీడర్ వెళ్ళి ఆయన చెయ్యి పట్టుకున్నాడు. చెయ్యి వెచ్చగా ఉంది. వదల్లేదు. "ఉన్నారా?" అన్నాడు.

"ఉండకూడదా?"

"ఉండండి. దయచేసి ఉండండి."

మేనేజర్ ఆ చెయ్యి విడిపించుకోకుండానే కింద పడిన కార్డు ఒకటి అందించమన్నారు. అలవాటు ప్రకారం కళ్ళకి దూరంగా పట్టుకుని చదివారు. "నేను పోయినట్టు మీకెవరు చెప్పారు?"

ఒకరు ఇంకొకర్ని చూపించారు. ఆ ఇంకొకరు మరొకర్ని చూపించారు. చివరికి అందరి వేళ్ళూ అక్షరాలక్క దగ్గర ఆగాయి. "నాకు అన్నయ్యగారు చీటీ పంపారండీ" అంటూ ఆమె సొరుగులోంచి తెచ్చి చూపించింది. 'డు' మీద బొటనవేలు వేసి దాచి మరీ చూపించింది. మెషిన్‌మాన్ మెడ చాచి చదివాడు. ఆ వేలు పక్కకి జరిపాడు.

"బావా, మీవాళ్ళందరికీ అంటే మా నీలంచొక్కాలకా? ఇది నాకు రాసిందా?"

ప్రూఫ్ రీడర్ చీటీ చూశాడు. కార్డు చూశాడు. తన దస్తూరీయే. తను పంపిన మాటే మర్యాదలు నేర్చుకుని, నల్ల అంచు కట్టుకుని మళ్ళీ తన దగ్గరికే వచ్చిందని అప్పటికి అర్థమైంది. "పోయింది ఎర్రచొక్కాల మేనేజరండీ. అంటే పోలేదు. వెళ్ళిపోయాడు" అన్నాడు.

"అయితే ఇందాక నా ముందు ఏడ్చింది ఈయన కోసమా?" అన్నాడు బావమరిది. "నేనెంత పొంగిపోయాను బావా."

మేనేజర్ ఫొటో పక్కకి తీయించి కుర్చీలో జాగ్రత్తగా కూర్చున్నారు. "నాకు తెలుసు. నేనూ ఆరింటికే విన్నాను, పక్క మంచం వాళ్ళ రేడియోలో. కుట్లు లాగుతున్నా నవ్వు ఆగలేదు. డాక్టరు చూసి, ఇంతలా నవ్వగలిగినవాడు ఇక్కడెందుకు, గురువారం దాకా ఆగక్కర్లేదు, ఇంటికి పొమ్మన్నాడు. మా ఆవిడ మందుల కోసం ఆగింది, నేనిలా వచ్చాను."

"మీరు ఎర్రచొక్కాలా?" అన్నాడు ప్రూఫ్ రీడర్.

"ముప్పై ఏళ్ళుగా. గోల్స్ నేనూ లెక్కపెడతాను. కాకపోతే దీర్ఘాలు చూశాక." ఆయన జేబులోంచి ఎర్రపెన్ను తీశారు. కార్డులో 'ప్రగాడ' అన్నచోట సున్నా చుట్టి, అంచున 'ఢ' అని రాసి ప్రూఫ్ రీడర్ చేతికిచ్చారు. "ఇదొకటి వదిలేశారు."

"కళ్ళు సరిగా కనపళ్ళేదండీ" అన్నాడు ప్రూఫ్ రీడర్. తప్పు ఎవరిదన్న వాదన ఈసారి రాలేదు.

మేనేజర్ ఆ కార్డు మళ్ళీ తన చేతిలోకి తీసుకున్నారు. "అయితే ఉండనివ్వండి" అన్నారు. ఆ ఒక్క కార్డూ మడిచి జేబులో పెట్టుకున్నారు.

మర్నాడు కంపోజింగ్ గదిలో బుట్ట పక్కన కొత్త నోటీసు అంటించారు: "ఉద్యోగం వదిలినవారిని వెళ్ళిపోయారనియు, కన్నుమూసినవారిని పోయారనియు విధిగా వ్రాయవలెను. చీటీపై పేరు తప్పనిసరి." దాని ప్రూఫు మాత్రం మేనేజరే చూశారు.