మనిషి అడుగుపెట్టని మడి

మా బెజవాడ ప్రకృతి ఛాయాచిత్ర సమితి ఈ ఏటి ప్రథమ బహుమతిని ‘మనిషి అడుగుపెట్టని చోటు’ అనే చిత్రానికి ఏకగ్రీవంగా ప్రకటించిందని తెలియజేయడానికి సంతోషిస్తున్నాను. చిత్రం తీసినవారు మా అధ్యక్షులు దుర్గాప్రసాద్ గారు. న్యాయనిర్ణేత కూడా వారే కావడంతో పక్షపాతానికి తావు లేకపోయింది. ఆ చిత్రం వెనక మేము పడ్డ పాట్లు లోకానికి చెప్పే బాధ్యత సంయుక్త కార్యదర్శిగా నా నెత్తిన పడింది.

దుర్గాప్రసాద్ గారికి ఆటోనగర్‌లో ట్రాక్టర్ సామాన్ల దుకాణం ఉంది. పోయిన వేసవిలో సొరకాయంత లెన్సు కొన్న రోజునే వారికి ప్రకృతి మీద ప్రేమ పుట్టింది. అప్పట్నుంచి గోడ మీద పిల్లిని వదల్లేదు, కారు ఆపి రోడ్డు మీద గేదెను వదల్లేదు. ఆ ఫ్లాష్ వెలుగు భరించలేక వారింటి బల్లి పక్కింటికి కాపురం మార్చేసింది. దాన్ని మేము వలస జీవుల జాబితాలో చేర్చాం.

శ్రావణమాసంలో ఒక ఉదయం కంకిపాడు వైపు వెళుతుండగా ఏసుపాదం మడిలో రెండు వందల తెల్లకొంగలు కనబడ్డాయి. ఏసుపాదం కౌలు రైతు. వంతు ప్రకారం అతనికి కాలువ నీళ్లు మూడు రోజులే వస్తాయట. ఈలోగా దమ్ము చేసి నాట్లు వేయాలట, నారు అప్పటికే ముదురుతోందట. ఇదంతా మేము అడక్కుండానే చెప్పాడు. జోయెల్ అనే కుర్రాడు ట్రాక్టర్‌తో బురద కలియదున్నుతుంటే కొంగలు వెనకాలే నడుస్తున్నాయి. అధ్యక్షులు ఒక ఫోటో తీసి మొహం చిట్లించారు.

“ఛీ ఛీ! ప్రకృతి మధ్యలో ఈ ఇనప సామానేంటయ్యా? ఆపు!”

ఆ ఇనప సామానులో సగం వారి దుకాణంలో కొన్నదే. మిగతా సగం రిపేరుకని ఆ దుకాణంలోనే ఉంది. అందుచేత జోయెల్ వెంటనే ఇంజను కట్టేశాడు. కొంగలు కాసేపు చూసి ఎగిరిపోయాయి. ట్రాక్టర్‌కు బెదిరాయని సమితి అక్కడికక్కడే తీర్మానించి, దాన్ని గట్టు దాటించింది.

రెండోరోజు మేము వెళ్లేసరికి మళ్లీ ట్రాక్టర్, మళ్లీ కొంగలు. మళ్లీ ఆపించాం, మళ్లీ ఎగిరిపోయాయి. ఈసారి తప్పు ఏసుపాదం చొక్కాదని ఉపసంఘం తేల్చింది. అతన్ని తుమ్మ చెట్టు చాటున కూర్చోబెట్టాం.

“అయ్యగారూ, దమ్ము నడిస్తేనే పురుగు పైకొచ్చిద్దండీ. పురుగొస్తేనే కొంగొచ్చిద్దండీ. అది మనల్ని చూట్టానికి రాదండీ,” అని చెట్టు చాటునుంచి మొరపెట్టుకున్నాడు.

“చూడు ఏసుపాదం, పుట్టినప్పట్నుంచీ పొలంలోనే ఉండిపోవడంవల్ల నీకు ప్రకృతి గురించి తెలుసుకునే అవకాశం రాలేదు. నిన్ను నేను తప్పుపట్టను,” అని అధ్యక్షులు ఎంతో ఉదారంగా సెలవిచ్చారు. మేము చప్పట్లు కొట్టాం.

మూడోరోజు అతని భార్య మార్త వచ్చి, “రేపు నీళ్లు కట్టేస్తారు బాబుగారూ, మా నోట్లో మట్టి కొట్టకండి,” అని ఏడ్చింది. ఎదురెండవల్ల ఆ కన్నీళ్లు ఫోటోలో సరిగ్గా పడలేదు. ఇంకొక్కసారి ఏడవమంటే ఏడవలేదు. స్థానికుల సహకారం లేకుండా కళ ఎలా బతుకుతుంది చెప్పండి?

సాయంత్రందాకా పడిగాపులు కాశాం. కొంగలు రాలేదు. తెల్లారేసరికి నీళ్లు పక్క ఊరికి వెళ్లిపోయాయి, నారు ముదిరి గడ్డిగా మారింది. చివరికి అధ్యక్షుల అమ్మాయి సింధూరి మొదటిరోజు ఫోటో తీసుకుని, కంప్యూటర్లో ట్రాక్టర్‌ను, జోయెల్‌ను, ఏసుపాదాన్ని పావుగంటలో చెరిపేసింది. కొంగలన్నీ ఖాళీ బురద వెంట వరసగా నడుస్తున్నట్టు వచ్చింది. ఇది పక్షుల సహజ క్రమశిక్షణ అని అధ్యక్షులు వివరించారు. పది రోజుల తరవాత అదే మడి నెర్రెలిచ్చింది. ఆ నెర్రెల ఫోటోకు ‘వాతావరణ మార్పు’ విభాగంలో ద్వితీయ బహుమతి ఇచ్చుకున్నాం.

బహుమతి సభకు ఏసుపాదాన్నీ మార్తనూ పిలిచి శాలువా కప్పాం. మార్త ఆ పెద్ద ఫోటోను చాలాసేపు చూసింది.

“మడి మాదేనండీ. మా ఆయనేడండీ?”

“అదేనమ్మా ఇందులో కళ!” అన్నారు అధ్యక్షులు. హాలు దద్దరిల్లింది. ఆ వెంటనే భోజనాలు. అన్నం మల్లెపూవులా ఉందని అందరూ మెచ్చుకుని మారు వడ్డించుకున్నారు. ఏసుపాదం మాత్రం కంచం ముందు కూర్చుని మెతుకు ముట్టలేదు. మొహమాటం మనిషి.

ఆ చిత్రానికి ఇప్పటికి పదకొండు వేల లైకులు వచ్చాయి. ‘మనిషి చెయ్యి తగలకపోతే భూమి ఎంత చల్లగా ఉంటుందో’ అని రాసినవారే ఎక్కువ. మీరూ నొక్కారు, జాబితా నా దగ్గరుంది. అత్యధికులు మధ్యాహ్నం ఒంటిగంటకూ రెండింటికీ మధ్య నొక్కారు. ఎడమచేత్తోనే నొక్కి ఉంటారు, కుడిచెయ్యి కంచంలో ఉంటుంది కదా.